ఉద్దాలకుని ఉప్పునీరు: హైటెక్ సిటీలో గృహవిద్య

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఒక తండ్రి తన కుమారునికి కొంచెం ఉప్పు ఇచ్చి, దానిని నీటిలో వేసి మరునాటి ఉదయం తన వద్దకు రమ్మంటాడు. తెల్లవారిన తరువాత, రాత్రి వేసిన ఉప్పును తీసి ఇమ్మంటాడు. కుమారుడు వెదకుతాడు. ఉప్పు దొరకదు. అప్పుడు తండ్రి ఆ నీటినే పైభాగం నుండి కొంత, మధ్యభాగం నుండి కొంత, అడుగుభాగం నుండి కొంత ఆచమింపజేసి, ఎలా ఉన్నదని అడుగుతాడు. మూడు చోట్లా ఉప్పనే. కంటికి కనబడని వస్తువు నాలుకకు దొరికింది. సద్వస్తువు సర్వత్ర వ్యాపించి ఉన్నదన్న మహోపదేశం ఆ తరువాతనే వచ్చింది. ముందు చేయి, ఆపై నాలుక, ఆపై బుద్ధి, చిట్టచివర వాక్యం.

వేదాంతశ్రవణం చేసినవారికి ఈ ఘట్టం సుపరిచితమే. అయితే దీనిలో అంతగా గమనింపబడని అంశమొకటి ఉన్నది. ఈ బోధ గురుకులంలో జరగలేదు, స్వగృహంలో జరిగింది. శ్వేతకేతువు 12వ యేట గురుకులానికి వెళ్ళి, 24వ యేట సకల వేదాలనూ అధ్యయనం చేసి, విద్యాగర్వంతో తిరిగి వచ్చాడు. ఆ గర్వాన్ని చూచిన తండ్రి ఉద్దాలక ఆరుణి అతనికి మరొక అధ్యయనాన్ని విధించలేదు. మర్రిపండు తెమ్మన్నాడు. ఉప్పు కలపమన్నాడు. 15 దినాలు అన్నం మానమన్నాడు.

నేడు హైదరాబాదు సైబరాబాదు ప్రాంతంలో చిన్నపిల్లలను బడికి పంపక, ఇంటివద్దనే విజ్ఞానప్రయోగాలతో, చిత్రకళతో, పుస్తకపఠనంతో పెంచదలచిన దంపతులు అక్కడక్కడ కనబడుతున్నారు. వారికి ఈ అధ్యాయం కన్నా సమీపమైన ప్రమాణం లేదు. ఆ ప్రమాణం వారికి ధైర్యాన్ని ఇస్తుంది. అంతకంటె ఎక్కువగా వారిని పరీక్షిస్తుంది. ఉద్దాలకుని ఇంట విద్య ఫలించడానికి కారణం ఆ తండ్రి స్వయంగా జిజ్ఞాసువు కావడమే. తల్లిదండ్రులు విద్యార్థులు కాని ఇంట గృహవిద్య పేరు మార్చుకున్న బడి మాత్రమే అవుతుంది.

గుట్టల నడుమ వెలసిన నగరం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అంతవరకు గుట్టలు, చెరువులు, పొలాలుగా ఉన్న ఆ ప్రాంతం పాతికేళ్ళలో కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల దాకా గాజుభవనాలతో నిండిపోయింది. అక్కడి గృహస్థజీవనానికి ఒక ప్రత్యేక లక్షణం ఉన్నది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. తాతలు, అమ్మమ్మలు సొంత ఊళ్ళలో ఉన్నారు. మూడేళ్ళు నిండకముందే బిడ్డకు నర్సరీ ప్రవేశచింత మొదలవుతుంది. నాలుగైదేళ్ళకే బడిబస్సు, హోంవర్కు, యూనిట్ టెస్టులు. హైస్కూలు గడప తొక్కీతొక్కగానే ఐఐటి ఫౌండేషన్ తరగతులు. తెల్లవారుజామున సగం నిద్రలో రెండు ముద్దలు మింగి బస్సెక్కే బిడ్డను చూచినప్పుడు ఆరుణి చేయించిన ఉపవాసపరీక్ష గుర్తుకు రావాలి. అన్నం మానిన శ్వేతకేతువుకు 15 దినాల తరువాత తాను 12 సంవత్సరాలు చదివిన వేదం ఒక్క ముక్కయినా స్ఫురించలేదు. భోజనం చేసిన తరువాత అంతా తిరిగి వచ్చింది. మనస్సు అన్నమయమని ఆ తండ్రి నిరూపించి చూపాడు. అన్నం, నిద్ర, ఆట అనే మూడింటినీ హరించి విద్యను ఇవ్వగలమనుకోవడం ఆ ఉపనిషత్పరీక్షకు విరుద్ధం.

కనుక గృహవిద్యను కోరే తల్లిదండ్రుల ఆవేదన నిరాధారమైనది కాదు. శాసనదృష్టితో చూచినా ఈ మార్గం పూర్తిగా మూసుకొనిపోలేదు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగసవరణ 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు విద్యను ప్రాథమికహక్కుగా చేసింది. అదే సవరణ, ఆ వయస్సు బిడ్డకు విద్యావకాశాలను కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమికకర్తవ్యమని 51-ఎ అధికరణంలో చేర్చింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది. అది గృహవిద్యను స్పష్టంగా గుర్తించలేదు, తల్లిదండ్రులకు శిక్షనూ విధించలేదు. బడికి దూరంగా ఉన్న బిడ్డ ఎప్పుడు వచ్చినా వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని మాత్రం ఆదేశించింది. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏళ్ళు నిండిన తరువాత పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చు. అంటే ద్వారం తెరచియే ఉన్నది. ఆ ద్వారం ఇవతల ఇంటిలో ఏమి జరుగుతున్నదన్నదే విచారణీయం.

ఇచ్చట ఒక పదవివేకం అవసరం. కొందరు ఈ ప్రయత్నాన్ని గురుకుల పునరుద్ధరణగా వర్ణిస్తారు. గురుకులం అంటే ఇల్లు విడిచి గురువు ఇంట వసించడం. ఇల్లు విడువని విద్య గురుకులం కాజాలదు. ప్రాచీనతను అరువు తెచ్చుకొనడం కంటె, ఇది గృహవిద్య అని చెప్పుకొని దాని బాధ్యతను స్వీకరించడం సత్యానికి దగ్గర.

మర్రిపండు విప్పిన తరువాత

ఆరుణి బోధనాపద్ధతిని నిదానంగా పరిశీలించాలి. పండు తెమ్మన్నాడు. విప్పమన్నాడు. ఏమి కనబడుతున్నదని అడిగాడు. సూక్ష్మమైన గింజలని కుమారుడు చెప్పాడు. ఒక గింజను చీల్చి చూడమన్నాడు. ఇప్పుడేమి కనబడుతున్నదని మళ్ళీ అడిగాడు. ఏమీ కనబడడం లేదన్నది కుమారుని సమాధానం. ఆ ఏమీ కనబడనితనం నుండియే అంత మహావృక్షం నిలిచి ఉన్నదని అప్పుడు చెప్పాడు. సమాధానం తెలిసి కూడా, శిష్యుడు స్వయంగా ఆ శూన్యం దాకా వచ్చేవరకు తండ్రి ఓపిక పట్టాడు. నేటి తల్లిదండ్రులకు అన్నిటికంటె కష్టమైన సాధన ఈ ఓపికయే. బిడ్డ ప్రశ్న పూర్తికాకముందే ఫోను తీసి సమాధానం చూపించడం సులభం. అది వస్తువును ఇస్తుంది, జిజ్ఞాసను తీసుకొనిపోతుంది.

హైటెక్ సిటీ నుండి కారులో కొద్దిసేపు ప్రయాణిస్తే మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్‌కు పోయే రహదారి వస్తుంది. దాని ఇరువైపులా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణ నుండి వాటిని కాపాడడానికి నగరవాసులు కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ చెట్ల క్రింద రాలిన పండును ఆరేళ్ళ బిడ్డ విప్పితే గింజలతోపాటు చిన్నచిన్న పురుగులు కూడా కనబడవచ్చు. మర్రిపండు నిజానికి లోపలికి ముడుచుకొన్న పూలగుత్తి. ఇసుకరేణువంత కందిరీగ ఒకటి సన్నని రంధ్రం గుండా లోనికి ప్రవేశించి, పుప్పొడిని చేర్చి, అక్కడే గుడ్లు పెడుతుంది. ఆ కందిరీగ లేకపోతే గింజ లేదు. ఆ చెట్టు లేకపోతే కందిరీగ లేదు. ఈ పరస్పరాశ్రయాన్ని బిడ్డ తన వ్రేళ్ళతో విప్పి చూచిన దినాన, ఆ చెట్లను ఎందుకు కాపాడాలో వేరుగా ఉపన్యసించవలసిన పని ఉండదు.

ఉప్పునీటి ప్రయోగానికి సంచారం కూడా అవసరం లేదు. ఒక పళ్ళెంలో ఉప్పునీరు పోసి ఎండ తగిలే బాల్కనీలో ఉంచితే కొద్దిరోజులలో నీరు ఆవిరై తెల్లని స్ఫటికాలు మిగులుతాయి. కనబడక ఉన్నది తిరిగి కనబడింది. ఖాజాగూడ గుట్టలలోని గ్రానైటుశిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. చేతితో తాకదగిన అంత ప్రాచీనవస్తువు ఇంటికి ఇంత సమీపంలో మరొకటి లేదు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు తాగునీరు ఇచ్చినదిగా ప్రసిద్ధమైన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన ప్రారంభమైంది. ఆ తీగలు భారాన్ని ఎలా మోస్తున్నాయో దారం, అట్టముక్క, రెండు కర్రలతో ఇంటిలో చేసి చూడవచ్చు. వేలరూపాయల కిట్లు ఇందుకు అవసరం లేదు. 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వుట్యూబుతో, పారవేసిన వస్తువులతో విజ్ఞానపు బొమ్మలు చేయడం దశాబ్దాలుగా నేర్పుతున్నారు. కొనుగోలు చేసిన ప్రయోగం కంటె వెదకి కూర్చిన ప్రయోగం బిడ్డలో ఎక్కువకాలం నిలుస్తుంది.

భక్తులైన తల్లిదండ్రులకు ఇచ్చట ఒక హెచ్చరిక. ఆరేళ్ళ బిడ్డకు ప్రతి ప్రయోగం చివర వేదాంతాన్ని అతికించనవసరం లేదు. శ్వేతకేతువు ఉప్పునీరు ఆచమించినప్పుడు అతని వయస్సు 24 దాటింది. ఉప్పు కరగడం పదార్థధర్మం. ఆరుణికి అది దృష్టాంతం. దృష్టాంతాన్నీ దార్ష్టాంతికాన్నీ ఒకటిగా కలిపివేస్తే విజ్ఞానమూ చెడుతుంది, వేదాంతమూ చెడుతుంది. బాల్యంలో ఉప్పును ఉప్పుగా ఎరిగినవాడే తరువాత ఆ ఉపమానం యొక్క లోతును అందుకోగలడు.

ముగ్గు, పటం, కథ

సంప్రదాయం కళలను చతుష్షష్టిగా లెక్కించింది. చిన్నబిడ్డకు వాటిలో మొదటిది గడపముందరి ముగ్గు. చుక్కలను లెక్కించడం, వరుసలు తప్పకుండా నిలపడం, ఒక పక్క వేసిన గీతకు మరొక పక్క ప్రతిబింబం గీయడం అన్నీ గణితమే. బియ్యపుపిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారమై గృహస్థుని భూతయజ్ఞంలో భాగమవుతుంది. అపార్టుమెంటు గడపలలో నేడు ఎక్కువగా కనబడేది ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గు. దానిని చెరపలేరు, రేపు మరొకటి వేయలేరు, చీమలకూ అందులో ఏమీ లేదు. బిడ్డ చేత వంకరగా వేయబడిన పిండిముగ్గు ఆ స్టిక్కరు కంటె కోటిరెట్లు విద్యావంతమైనది.

మాదాపూర్‌లోని శిల్పారామంలో చేతివృత్తులవారు పని చేస్తూ కనబడతారు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాల తయారీ విధానమే ఒక పాఠం. ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతపూసి, ఆరిన తరువాత బొమ్మలు గీస్తారు. పూర్వం కథకులు ఆ పొడవైన పటాన్ని ఊరూరా విప్పుతూ పురాణగాథలను గానం చేసేవారు. గుడ్డ, మన్ను, జిగురు, రంగు, కథ, శ్రోత అన్నీ ఒకే వరుసలో నిలిచిన విద్య అది. వంటింటిలో చింతగింజలు ఉడకబెట్టి జిగురు తీసి, పాత చీరముక్క మీద తనకు నచ్చిన కథను బొమ్మలుగా గీసిన బిడ్డ, ఆ కథను ఇక మరచిపోదు.

పుస్తకాల విషయంలో ఈ నగరభాగపు లోపం స్పష్టమైనది. ఇంటినిండా ఆంగ్లపుస్తకాలు ఉంటాయి. తెలుగు ఇంటిలో వినబడుతుంది, కాని కంటికి ఆనదు. తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ బాలలకోసం తక్కువ వెలకు తెలుగుపుస్తకాలను ప్రచురిస్తున్నది. మాతృభాషలో చదివించిన కథ అమ్మమ్మకూ మనుమరాలికీ మధ్య సేతువవుతుంది. తల్లిదండ్రులు తమకోసం చదువుకోదగిన గ్రంథం తెత్సుకో కురొయనాగి వ్రాసిన తొత్తోచాన్ స్వీయకథ. తెలుగులో అది రైలుబడి అన్న పేరుతో వచ్చింది. మొదటి తరగతిలోనే బడినుండి బహిష్కృతమైన ఒక చిన్నారిని టోక్యోలోని కొత్తబడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి తొలిదినమే నాలుగు గంటలసేపు మాట్లాడనిచ్చి విన్నాడు. శ్రవణమననాదులలో శ్రవణం శిష్యుని ధర్మమని అందరూ ఎరుగుదురు. చిన్నబిడ్డ విషయంలో అది మొట్టమొదట గురువు ధర్మం.

సమిధలు పట్టవలసినది ఎవరు?

ఇక అత్యంత ముఖ్యమైన ప్రశ్న. సైబరాబాదులో ఒక కుటుంబం గృహవిద్యను నిర్ణయించుకొన్నప్పుడు ఉద్యోగం మానుకొనేది ఎవరు? దాదాపు ఎల్లప్పుడూ తల్లియే. ఎన్నో ఏళ్ళ చదువును, సంపాదించుకొన్న వృత్తిని ఆమె ప్రక్కన పెడుతుంది. ఆమె దినమంతా బిడ్డతో గడుపుతుండగా, తండ్రి అదే ఇంటిలో తలుపు మూసుకొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని సమావేశాలలో ఉంటాడు. ఆదివారం ఒక ఫొటో తీసి మిత్రులకు పంపుతాడు. తల్లి ప్రథమగురువు అన్న మాటను ఇటువంటి సందర్భంలో ప్రశంసగా ఉచ్చరించడం అన్యాయం. ఉపనిషత్తులలో ఇంటివద్ద బోధించినవారిని చూడవలసి ఉన్నది. శ్వేతకేతువుకు బోధించినది తండ్రి ఆరుణి. తైత్తిరీయంలో భృగువును మళ్ళీ మళ్ళీ తపస్సుకు పంపి, అన్నమయం నుండి ఆనందమయం వరకు స్వయంగా తెలుసుకొనేలా చేసినది తండ్రి వరుణుడు. సంప్రదాయాన్ని ఉదహరించే తండ్రికి ఆ సంప్రదాయమే బాధ్యతను అప్పగిస్తున్నది. దినానికి ఒక్క గంటయినా ఫోను లేకుండా బిడ్డ ప్రక్కన కూర్చోలేని తండ్రి, భార్య ఉద్యోగాన్ని మాన్పించి గృహవిద్య ఆరంభించకపోవడమే ధర్మం.

కూర్చొన్న తరువాత కావలసినది జ్ఞానం కంటె సత్యం. ఛాందోగ్యం ఐదవ అధ్యాయంలో ఇదే శ్వేతకేతువు పాంచాల సభకు వెళతాడు. ప్రవాహణ జైవలి అనే రాజు ఐదు ప్రశ్నలు వేస్తాడు. ఒక్కదానికీ సమాధానం తెలియక అవమానంతో తిరిగి వచ్చి, అంతా నేర్పానని ఎలా చెప్పావని తండ్రిని నిలదీస్తాడు. ఆరుణి కోపగించలేదు, గురువుల మీదకు నెట్టలేదు. ఆ ప్రశ్నలలో ఒక్కటీ తనకు తెలియదని, తెలిసి ఉంటే చెప్పి ఉండేవాడినని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని ఊరకుండలేదు. వృద్ధుడైన ఆ ఆచార్యుడు స్వయంగా రాజు వద్దకు వెళ్ళి విద్యార్థిగా నిలిచాడు. కుమారుని ప్రశ్న తండ్రిని శిష్యుని చేసింది. గృహవిద్యకు ఇంతకంటె ఉదాత్తమైన నిర్వచనం లేదు. చంద్రుడు పగలు ఎందుకు కనబడతాడని బిడ్డ అడిగినప్పుడు, తెలియదని చెప్పి, బిడ్డతో కలిసి నెలరోజులు ఆకాశాన్ని గమనించి, నౌబత్ పహాడ్ మీది బిర్లా నక్షత్రశాలకు వెళ్ళి, తిరిగివచ్చి నారింజపండుతోనూ దీపంతోనూ చేసి చూచుకొనే తల్లిదండ్రుల ఇల్లు ఉద్దాలకుని ఇల్లే.

సహాధ్యాయి లేని విద్య

గృహవిద్య మీద సాధారణంగా వచ్చే ఆక్షేపం బిడ్డ ఒంటరి అవుతుందన్నది. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని బాల్యంలో ఉపాధ్యాయులు మందబుద్ధిగా భావించి దండించారు. రవీంద్రనాథుడు బడిగోడలను భరించలేక ఇంటివద్ద చదువుకొన్నాడు. బడి గాయపరచిన ఈ ఇద్దరూ పెద్దవారై ఏమి చేశారు? 1901లో శాంతినికేతనంలో రవీంద్రుని విద్యాలయం ఆరంభమైంది. మదనపల్లె సమీపాన ఋషివ్యాలీ విద్యాలయం కృష్ణమూర్తి ఆలోచనల నుండి వెలసింది. బడి చేసిన గాయానికి ఔషధంగా వారు మరొక మంచిబడినే నిర్మించారు. ఆరుణి కూడా కుమారుని ముందు గురుకులానికి పంపినవాడే. తనవంటి పిల్లలతో కలహించి, పంచుకొని, ఓడి, క్షమించి నేర్చుకొనే విద్యను ఏ తల్లీ తండ్రీ ఇంటిలో పూర్తిగా ఇవ్వజాలరు.

పైగా ఎత్తైన భవనాలలో ఒంటరితనానికి మరొక ముఖం ఉన్నది. తన వర్గంవారితో తప్ప ఎవరితోనూ కలవని బాల్యం అది. అదే భవనం క్రింద వాచ్‌మన్ గదిలో ఒక బిడ్డ ఉంటాడు. ప్రక్కనే కట్టుబడిలో ఉన్న భవనం ఇసుకగుట్టల మీద కూలీల పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. గోత్రం తెలియదని నిజం చెప్పిన జబాల కుమారుడు సత్యకాముడిని హారిద్రుమత గౌతముడు ఆ సత్యం కోసమే స్వీకరించాడు. ఆవులను కాస్తూ అడవిలో వృషభం నుండి, అగ్ని నుండి, హంస నుండి, నీటిపక్షి నుండి విద్యను పొందిన బాలుడు అతడు. ఉప్పునీటి పళ్ళెం చుట్టూ వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ వాచ్‌మన్ బిడ్డ కూడా కూర్చొంటే, ఎండకు ఎండిన నేల ఏ రంగుకు మారుతుందో, వాన రాకముందు చీమలు ఎటు పోతాయో అతడే ఎక్కువ చెప్పగలడు. అటువంటి చోటు లేని ఇంటిలో ఎన్ని పుస్తకాలున్నా బిడ్డ నేర్చుకొనేది శ్వేతకేతువు గురుకులం నుండి మోసుకొని వచ్చిన గర్వాన్నే. ఆ గర్వాన్ని పోగొట్టడానికి ఆరుణికి ఒక అధ్యాయమంతా పట్టింది.

ఏడెనిమిది ఏళ్ళ వరకు ఇల్లు, ఆ తరువాత మంచి బడి అన్న నిర్ణయం తీసుకొన్నా తప్పు లేదు. బిడ్డ స్వయంగా బడిని కోరిన దినాన పంపడం పరాజయమూ కాదు. బడికి పంపుతున్న గృహస్థులు కూడా సాయంకాలపు ఒక గంటను ఉద్దాలకుని గంటగా చేసుకోవచ్చు. ఏ మార్గమైనా ఆరంభించే ముందు దంపతులిద్దరూ తమలో తాము వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ సంవత్సరం తాము కొత్తగా నేర్చుకోదలచినది ఏమిటి? దానికి ఇద్దరి వద్దా సమాధానం ఉంటే, ఈ రాత్రే ఒక గిన్నె నీటిలో కొంచెం ఉప్పు వేసి బిడ్డను నిద్రపుచ్చవచ్చు. ఉదయం వెదకడానికి ముగ్గురూ కూర్చోవాలి.

శుభం భూయాత్.